తెర మీద గట్లు

పొద్దున్నే కాఫీ గ్లాసు తెచ్చుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న దగ్గర్నుంచి మొదటి వాక్యం అనువదించేదాకా నేను చేసే పని ఒకటుంది. దానికి పేరు లేదు. ఆ వేళప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే "పనిలో ఉన్నానండీ" అంటాను గానీ అది పని కాదని నాకూ తెలుసు. ఇంగ్లీషు మూలం ఉన్న విండోని తెరకి ఎడమ పక్కకి లాగుతాను. తెలుగు రాసుకునే ఫైలుని కుడి పక్కకి. ఎడమది కాస్త బలిసినట్టనిపిస్తుంది. అంచు పట్టుకుని లోపలికి నెడతాను. అక్కడ వాక్యాలు విరిగిపోయి వరసకి నాలుగేసి మాటలు మిగులుతాయి. మళ్ళీ బయటికి లాగుతాను. నిఘంటువుని అరచెయ్యంత చేసి కింది మూలలో కూర్చోబెడతాను. మెయిల్‌ని దాని వెనక్కి తోస్తాను, అదీ పూర్తిగా కాదు, కొత్త ఉత్తరం వస్తే తెలిసేలా పైన వేలెడు మేర వదిలి. వాట్సాప్ మూస్తాను. తెరుస్తాను. అన్నిటికీ అడుగున అక్క రాసిన ఉత్తరం ఒక విండోలో విప్పి ఉంటుంది. దాన్ని ముయ్యను, పైకీ తియ్యను. ఇంతా అయ్యాక, గోడకి పటం తగిలించినవాడు నాలుగడుగులు వెనక్కేసి వంకర చూసుకున్నట్టు, కుర్చీలో వెనక్కి వాలి తెరంతా ఓసారి చూసుకుంటాను. మొన్నొక రోజు ఎందుకో గడియారం చూశాను. 18 నిమిషాలు. కాఫీ మీద మీగడ తెట్టు కట్టింది.

ఆ 18 నిమిషాలు అప్పట్నుంచీ నన్ను పీకుతూనే ఉన్నాయి. సర్దుకోవడం కూడా పనిలో భాగమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. వడ్రంగి ఉలులు వరసగా పెట్టుకోడా? వంట మొదలెట్టే ముందు పోపులపెట్టె దగ్గరికి జరుపుకోరా? జరుపుకుంటారు. కానీ పోపులపెట్టెని పావుగంట సేపు ఇటు జానెడు, అటు బెత్తెడు జరిపేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. మా ఆవిడ ఒకసారి వెనక నిలబడి చాలాసేపు చూసి, "వడ్డించాక విస్తరి తిప్పుకుంటున్నట్టుంది మీ వరస" అని వెళ్ళిపోయింది. ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు గానీ తగలాల్సిన చోట తగిలింది. విస్తట్లో పప్పెక్కడ, పచ్చడెక్కడ అన్నది తినేవాడు తేల్చుకోడు. వడ్డించే చేతికి తెలుసు. మనం తలొంచుకుని కలుపుకోవడమే. తెర దగ్గరికొచ్చేసరికి వడ్డించేదీ నేనే, తినేదీ నేనే. అందుకేనేమో ఎంతసేపు వడ్డించుకున్నా ముద్ద ఎత్తబుద్ధి కాదు.

నాకు తెలిసిన మొదటి డెస్కు మా తాతయ్యది. కోనసీమలో ఒక చిన్న ఊరికి ఆయన కరణం. డెస్కంటే కాళ్ళున్న బల్ల కాదు. చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుంటే ఛాతీ దాకా వచ్చే చెక్కపెట్టె. లోపల సిరాబుడ్డి, కలాలు, ముక్కుపొడి డబ్బా. పైన మూత ఏటవాలుగా, తన వైపుకి వంగి ఉండేది. చిన్నప్పుడు ఆ వాలు మీద గోళీలు దొర్లించి తిట్లు తిన్నాను. ఇన్నేళ్ళ తర్వాత, ఈ విండోల గొడవ బుర్రలో తిరుగుతుండగా, ఆ వాలు గురించి ఒక సంగతి తట్టింది. దాని మీద కాయితాలు పేరుకోవు. చెయ్యి ఆనించిన కాయితం ఒక్కటే నిలుస్తుంది. రెండోది పెడితే జారి ఒళ్ళో పడుతుంది. గోడవారగా ఎర్రగుడ్డల్లో కట్టిన దస్త్రాలు వరసగా ఉండేవి. అడంగల్ కావాలంటే ఆ మూట విప్పేవాడు, చూసేవాడు, రాసేవాడు, ముడేసేవాడు. అప్పుడే ఇంకోటి. ఎవరైనా రైతు తొందరపడి "ఎలాగూ కూర్చున్నారు కదండీ, మాదీ ఓమారు చూసెయ్యండి" అంటే "ఒకటి కట్టనీ" అనేవాడు. అది క్రమశిక్షణ అని మా నాన్న చాలాకాలం చెప్పుకునేవాడు. క్రమశిక్షణా, లేక ఆ చెక్కపెట్టె వాలా? మనిషి గుణం అనుకునేవాటిలో సగం అతను కూర్చున్న బల్ల గుణమేమోనని నాకిప్పుడు అనుమానం.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణాల, మునసబుల ఉద్యోగాలు ఎత్తేసింది. మంచికే అన్నవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. కరణం కలం కింద నలిగినవాళ్ళ కథలు నేను పెద్దయ్యాక విన్నాను. దస్త్రాలన్నీ అప్పగించేశాక కూడా తాతయ్య కొన్నాళ్ళు పొద్దున్నే డెస్కు ముందు కూర్చునేవాడు, ఖాళీ మూత మీద అరచెయ్యి ఆనించి. సరిగ్గా అదే జనవరి 24న అమెరికాలో ఆపిల్ కంపెనీ మెకింతోష్‌ని జనం ముందుకు తెచ్చింది. ఈ రెండిటికీ ఏ చుట్టరికమూ లేదు. ఎప్పుడో తేదీలు చూస్తూ నేనే కలుపుకున్నాను. ఒక డెస్కు మూతపడ్డ నెలలో ఇంకో డెస్కు తెరుచుకుందని అనుకుంటే బాగుంటుంది. బాగున్న పోలికలన్నీ నిజం కావని తెలిసే అనుకుంటున్నాను.

ఎందుకంటే డెస్క్‌టాప్ అన్న మాటలో ఉన్న బల్ల మా తాతయ్యది కాదు. అది కాలిఫోర్నియాలో పాలో ఆల్టో అనే ఊళ్ళో, జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో పుట్టిన బల్ల. చదునుగా, వెడల్పుగా, కాళ్ళతో, ఆఫీసుల్లో ఉండేది. అక్కడ 1973లో ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. తర్వాత అలన్ కే, ఆయన తోటివాళ్ళు దాని మీద స్మాల్‌టాక్ అనే వ్యవస్థ రాస్తూ, తెర మీద విండోలు ఒకదాని మీద ఒకటి పడేలా చేశారు. ఆలోచన చూస్తే అమాయకంగా ఉంటుంది. తెర చిన్నది, చూడాల్సినవి ఎక్కువ; బల్ల మీద కాయితాల్లా దొంతర పెట్టుకుంటే సరి. ఏది కావాలంటే దాన్ని పైకి లాక్కోవచ్చు. చదునైన బల్లకి పుట్టిన ఊహ ఇది. ఏటవాలు డెస్కు ముందు కూర్చున్న మనిషికి వచ్చి ఉండేది కాదు.

1979లో ఆపిల్ నుంచి కొందరు ఆ కేంద్రం చూడడానికి వెళ్ళారు. వాళ్ళలో బిల్ అట్కిన్సన్ అనే ప్రోగ్రామర్ ఉన్నాడు. ఆయన కథ నాకు చాలా ఇష్టం. ఒక విండో కింద సగం మునిగిన ఇంకో విండో, ఆ పైకి కనపడుతున్న సగంలో కూడా తన పని తాను చేసుకుపోవడం అక్కడ చూశాననుకున్నాడు. తిరిగొచ్చి, వాళ్ళు చేశారంటే దారి ఉండే ఉంటుందని తల బద్దలు కొట్టుకుని, వంకరటింకర ముక్కల్ని కూడా చకచకా లెక్కకట్టి గీసే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. దానికి రీజియన్లని పేరు. తీరా చూస్తే జిరాక్స్ వాళ్ళు ఆ పని చెయ్యనే లేదు. లేనిదాన్ని చూశాననుకుని ఉన్నదాన్ని చేసిన మనిషి. కొన్నాళ్ళకి కారు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి ఆస్పత్రిలో పడుంటే స్టీవ్ జాబ్స్ కంగారుగా చూడొచ్చాడట. కంగారు పడకు, రీజియన్లు ఇంకా గుర్తున్నాయి అన్నాడట ఆయన. తొలి మెకింతోష్ తెర 9 అంగుళాలు. అడ్డంగా 512 చుక్కలు, నిలువుగా 342. నా తెర 1920కి 1080. లెక్కేసి చూశాను, చుక్కల లెక్కన దాదాపు పన్నెండు మెకింతోష్ తెరలు ఇందులో పడతాయి. అయినా నాకు చోటు చాలడం లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లోంచే పని కదాని పక్కన రెండో తెర కూడా కొన్నాను. నెల తిరిగేసరికి అదీ నిండింది. అటకెక్కించడానికి చోటుంటే పాత సామాను పుట్టుకొస్తుందని అమ్మ అనేది.

అయితే దొంతరలో అడుగునున్న కాయితం నిజంగా అక్కడ ఉందా? బల్ల మీదైతే ఉంది, దుమ్ము సహా. తెర మీద చాలాకాలం ఆ మాట సందేహమే. పాత పద్ధతిలో, ఒక విండో కింద ఇంకోటి పడితే ఆ కప్పడిపోయిన మేర బొమ్మని కంప్యూటర్ సాధారణంగా దాచుకునేది కాదు. పైది తొలగగానే కింది ప్రోగ్రాముకి కబురు పంపేది, నీ ఫలానా ముక్క బయటపడింది, గీసుకో అని. అది గబగబా గీసుకునేది. మన కంటికి మాత్రం అదెప్పుడూ అక్కడే ఉన్నట్టుండేది. 2000 సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఊరి నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులిచ్చి కూర్చునేవాణ్ణి. అప్పుడప్పుడు ఏదో ఒక ప్రోగ్రాము బిగుసుకుపోయేది. దాని మీద చిన్న విండోని పట్టుకుని లాగితే, లాగిన దారి పొడుగునా దాని అచ్చులు పడిపోయేవి, పేకముక్కలు విసనకర్రలా పరిచినట్టు. కుర్రాళ్ళు ఆ అచ్చులతో ముగ్గులు వేసి నవ్వుకునేవాళ్ళు. నాకు భయమేసేది, ఏదో పాడుచేశానేమో, డబ్బులు కట్టమంటాడేమోనని. అది పాడవడం కాదని, కబురందుకున్న ప్రోగ్రాము లేచి మొహం కడుక్కోలేకపోవడమని తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. తర్వాత వచ్చిన వ్యవస్థలు, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్, 2007లో విండోస్ విస్టా, ఒక్కో విండో బొమ్మనీ మెమరీలో విడివిడిగా దాచి, అన్నిటినీ కలిపి తెర మీద పొయ్యడం మొదలెట్టాయి. ఇప్పుడు అచ్చులు పడవు. అడుగున ఉన్నది అడుగున చెక్కుచెదరకుండా ఉంటుంది, చుక్క చుక్కా.

అక్క ఉత్తరం కూడా అలాగే ఉంది. వచ్చి నలభై రోజులు దాటింది. పొడుగు ఉత్తరం కాదు. తాతయ్య ఇంటి స్థలం పన్నెండు సెంట్లు, అంటే సుమారు 580 గజాలు, మా ఇద్దరికీ మిగిలింది. ఇల్లు ఎప్పుడో పడిపోయింది. పంచుకుందాం, నీకు ఏ పక్క కావాలో నువ్వే చెప్పు, నాకేదైనా ఒకటే అని రాసింది. కింద తనే ఒక బొమ్మ గీసి ఫొటో తీసి జతచేసింది. ఒక దీర్ఘచతురస్రం, మధ్యలో ఒక నిలువు గీత, తూర్పు పక్క చిన్న సున్నా చుట్టి "నుయ్యి" అని. అంతే. ఆ నుయ్యి నాకు కావాలి. ఆవిడకీ కావాలని నాకు తెలుసు. వేసవి సెలవుల్లో మిట్టమధ్యాహ్నం ఆ నూతి చప్టా మీద నీళ్ళు గుమ్మరించుకుని చల్లగా పడుకున్నది మేమిద్దరం కదా. నాకేదైనా ఒకటే అన్న వాక్యం రాసేటప్పుడు ఆవిడ ఎంతసేపు ఆగిందో ఊహించుకుంటూ నేను జవాబు రాయడం మానేశాను. రాయలేదు అనడం సరి కాదు. రోజూ పొద్దున్నే దాని మీద ఏవో ఒకటి సర్దుతూనే ఉన్నాను.

పోనీ, ఇంకో దారిన చూద్దాం. కొన్నేళ్ళ కింద ఒక సాఫ్ట్‌వేర్‌ని తెలుగు చేసే పని వచ్చింది, మాటకింత అని లెక్క. మినిమైజ్‌కి కనిష్టీకరించు, మాక్సిమైజ్‌కి గరిష్టీకరించు అని రాశాను. నేను కనిపెట్టినవి కావు, అప్పటికే వాడుకలో ఉన్నవే. మాటకింత గనక పొట్టి మాటైనా పొడుగు మాటైనా అదే రేటు. ఆ సాయంత్రం అమ్మతో వీడియో కాల్‌లో ఉండగా నా బొమ్మ మాయమైంది కాబోలు, "నాన్నా, నువ్వు కిందకి దిగిపోయావు, పైకి ఎలా తియ్యాలి?" అంది. చేద నూతిలో జారిపోయినంత సహజంగా అంది. నేను ఆ రాత్రి కూర్చుని, కనిష్టీకరించుకి బదులు "కిందకి దించు" అని రాసి, ఒప్పుకోరని మళ్ళీ కొట్టేశాను. ఆ పనిలోనే విండోకి ఏమనాలన్న చర్చ వచ్చింది. కిటికీ అంటే నవ్వారు. సరే అని విండోనే ఉంచేశాం. కానీ నాకు నిఘంటువులో దిగితే బయటికి రావడం చేతకాదు. గవాక్షం అంటే గోవు కన్ను. వాతాయనం అంటే గాలి నడిచే దారి. ఇంగ్లీషు విండో ఎక్కడిదని చూస్తే, ఉత్తరాది చలిదేశాల పాత నార్స్ భాషలోంచి వచ్చిందట: విండర్ అంటే గాలి, ఔగ అంటే కన్ను, కలిపితే గాలికన్ను. మనవాళ్ళు ఒక మాటలో కన్నునీ ఇంకో మాటలో గాలినీ పెట్టుకుంటే, వాళ్ళు రెండూ కలిపి ఒకే మాట చేసుకున్నారు. ఆ రోజంతా ఎవరికైనా చెప్పాలని తిరిగాను. ఎవరూ దొరకలేదు.

ఇంతకీ తెర మీదున్నదానికి గాలీ లేదు, కన్నూ లేదు. ఇంటికి ఎన్ని కిటికీలున్నా అవతల ఒకటే వీధి. ఇక్కడ ఎనిమిది కిటికీలకి ఎనిమిది వీధులు. ఏ ఇంట్లోనైనా కిటికీని పట్టుకు సాగదీస్తామా? ఒక కిటికీ మీదికి ఇంకో కిటికీని తోసి మూసేస్తామా? పైగా వీటిని పరిచేది బల్ల మీద! బల్ల మీద కిటికీలు పరుచుకుని కూర్చున్న మనిషిని మన ఊళ్ళో చూస్తే ఏమంటారు? నలభై ఏళ్ళుగా ఎవరూ ఏమీ అనలేదంటే అలవాటు ఎంత బలమైనదో చూడండి. ఈ పోలిక కాదు, వేరే పోలిక ఏదో ఉండాలని నాకు చాలా రోజులుగా అనిపించేది. అది మా మేనల్లుడి పుణ్యమా అని దొరికింది.

వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్క కొడుకు. సంక్రాంతికి వచ్చినప్పుడు నా 18 నిమిషాల సంగతి చెప్పాను, నవ్వుతాడేమోనని చూస్తూ. నవ్వలేదు. "మావయ్యా, నీకు మౌస్ ఉండకూడదు" అన్నాడు డాక్టరు ఉప్పు మానెయ్యమన్నట్టు. నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, ఐ3 అని ఒకటి పెట్టాడు. 2009లో మొదలైందట అది. అందులో విండోలు ఒకదాని మీద ఒకటి పడవు. మొదటిది తెరిస్తే తెరంతా దానిదే. రెండోది తెరవగానే మొదటిది దానంతటదే సగానికి తగ్గి పక్కకి జరిగింది. మూడోది తెరిస్తే మూడు వాటాలు. ఎవరూ ఎవర్నీ కప్పరు, జానెడు చోటు ఖాళీగా ఉండదు. నేను నోరు తెరుచుకుని చూస్తూ, "ఒరే, ఇది అన్నదమ్ముల పంపకంరా" అన్నాను. అనేశాక గానీ ఆ మాట ఎటు పోతుందో చూసుకోలేదు. వాడు అప్పటికే నా మెయిల్ తెరుస్తున్నాడు, అన్నీ సరిగ్గా వస్తున్నాయో లేదో చూడడానికి. అడుగున ఉండే ఉత్తరానికి ఇక్కడ అడుగు లేదు. ఇంగ్లీషు మూలం, తెలుగు ఫైలు, నిఘంటువు, వాటి పక్కన సరిసమానంగా, తెరలో పావు వంతు తీసుకుని, "స్థలం గురించి" అన్న పేరుతో వచ్చి నిలబడింది.

"అమ్మ మెయిలా?" అన్నాడు. ఊఁ అన్నాను. వాడు బొమ్మ చూశాడు, గీత చూశాడు, నుయ్యి చూశాడు. ఏమీ అనలేదు. కాసేపాగి, "ఇందులో కప్పడం కుదరదు మావయ్యా. కనపడకూడదనుకుంటే వేరే వర్క్‌స్పేస్‌కి పంపాలి. ఒకటి నుంచి పది దాకా ఉంటాయి. పంపనా?" అన్నాడు. పంపరా అన్నాను. మూడు మీటలు కలిపి నొక్కాడు, పోయింది. మిగతా మూడూ తటాలున సర్దుకుని ఆ చోటుని తలా కాస్త పంచేసుకున్నాయి. "తొమ్మిదిలో పెట్టా. గుర్తుంచుకో." ఈ వేరువేరు గదుల ఆలోచన కూడా పాతదే, 1986లో అదే జిరాక్స్ కేంద్రంలో హెండర్సన్, కార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని తయారుచేసి గదులు అనే పేరే పెట్టారు. ఒక్కో పనికి ఒక్కో గది, గదికి కావాల్సిన సామాను గదిలో. మంచి ఊహ. కానీ ఇంట్లో గదులు ఎక్కువయ్యేకొద్దీ వెళ్ళని గది ఒకటి తయారవుతుందని వాళ్ళకి ఎవరైనా చెప్పారో లేదో. నా తొమ్మిదో గది అదే అయింది.

వాడు బండెక్కిన మూడో రోజున నేను మళ్ళీ పాత కంప్యూటర్‌కి వచ్చేశాను. వేళ్ళు అలవాటు పడలేదని వాడికి మెసేజ్ పెట్టాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆ ఐ3లో ఏది తెరిచినా మిగతావి ముడుచుకుపోతుంటే చూడలేకపోయాను. నిఘంటువు తెరిస్తే అనువాదం సన్నబడుతుంది. పాట పెట్టుకుందామని తెరిస్తే మూలం చిక్కిపోతుంది. దేనికి ఎంతిస్తున్నానో, ఎవరి దగ్గర కోసి ఇస్తున్నానో కళ్ళెదుట కనపడిపోతుంది. దొంతరలో ఆ బాధ లేదు. అన్నిటికీ పూర్తి పరిమాణం ఇచ్చినట్టే, ఎవరికీ ఏమీ తగ్గించనట్టే. నిజానికి మొదట్లో కొందరు పక్కపక్కన పరిచే పద్ధతినే నమ్మారు. జిరాక్స్ వాళ్ళే 1981లో అమ్మకానికి తెచ్చిన స్టార్ కంప్యూటర్లో విండోలు పక్కపక్కనే ఉండేవి. మైక్రోసాఫ్ట్ 1985 నవంబర్‌లో తెచ్చిన మొదటి విండోస్‌లోనూ అంతే, విండో మీద విండో పడేది కాదు. 1987లో వచ్చిన రెండో విండోస్‌లో దొంతరకి దారి ఇచ్చారు. ఇక వెనక్కి చూసింది లేదు. జనం ఓటు కప్పిపెట్టడానికే పడింది, నాది సహా.

మా తాతయ్య ఓటు ఎటు పడేదో నాకు తెలుసు. ఊళ్ళో పంపకాలకి ఆయన్ని పిలిచేవాళ్ళు. గొలుసు పట్టించేవాడు. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, దాన్లో వందో వంతు సెంటు. ఈ లెక్క నాకు ఎక్కాల కంటే ముందొచ్చింది. పొలంలో ఏదీ దేని మీదా పడదు. ఒకడి చేను పెరిగిందంటే పక్కవాడిది తగ్గినట్టే, మూడో దారి లేదు. అందుకే తగువులన్నీ చేల గురించి కాదు, గట్టు గురించే. కొబ్బరిచెట్లు వరసగా మొలిచిన వెడల్పు గట్లుంటాయి, వాటి జోలికి ఎవరూ పోరు. ఒక కాలు ముందు ఒక కాలు వేసుకుని నడిచే సన్నగట్లతోనే చిక్కు. ఏటా దమ్ముకి ముందు గట్టు చెక్కుతున్నట్టే పారతో ఓ బెత్తెడు లోపలికి చెక్కేవాళ్ళు, అంతే జాగ్రత్తగా అవతలి పక్క మట్టి మెత్తేవాళ్ళు. గట్టు సన్నబడదు, జరుగుతుంది. పదేళ్ళకి గానీ అవతలివాడికి తెలియదు. తాతయ్య సర్వే రాళ్ళ దగ్గర్నుంచి గొలుసు లాగించి, ఇద్దరి మొహాల్లోకీ చూడకుండా, "ఇక్కడికి" అని కర్ర గుచ్చేవాడు.

విండో అంచు పట్టుకునేటప్పుడు నాకిప్పుడు ఆ సన్నగట్టే గుర్తొస్తోంది. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే చెయ్యి అక్కడికి చేరడానికి అంత ఎక్కువసేపు పడుతుందని 1954లోనే పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లెక్కకట్టి చూపించాడు. మరి విండో అంచు కనపడేది వెంట్రుకంత గీత. దాని వెలుపల కంటికి కనపడని పట్టు మరికాస్త ఉంచుతారు, లేకపోతే దొరకదు. కర్సర్‌ని మెల్లగా జరుపుతూ పోతుంటే, ఒక్క క్షణం అది రెండు తలల బాణంగా మారుతుంది, అటొకటి ఇటొకటి. ఆ క్షణం దాటితే మళ్ళీ మామూలే. విండోస్ 10 నుంచి ఇంకో సదుపాయం ఉంది. రెండు విండోల్ని చెరో సగంలో అతికించి మధ్య గీతని పట్టుకు లాగితే రెండూ కలిసి జరుగుతాయి, ఒకటి లావయ్యేకొద్దీ ఇంకోటి సన్నబడుతూ. దాన్ని చేసినవాళ్ళకి గట్టు అన్న మాట తెలియదు. కానీ వాళ్ళు చేసింది గట్టే. ఈ మాట ఆ రోజు ఆ అనువాదంలో వాడి ఉంటే ఒప్పుకునేవారా? ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా ఒకసారి అడిగి చూడాల్సింది.

నిన్న పొద్దున్న మళ్ళీ మామూలుగా కూర్చున్నాను. మూలం ఎడమకి. తెలుగు కుడికి. నిఘంటువు మూలకి. మెయిల్‌ని దాని వెనక్కి తోస్తుంటే చెయ్యి జారి, అన్నీ ఒక్కసారిగా కిందకి దిగిపోయాయి, ఏ మీట నొక్కానో నాకే తెలియదు. తెరంతా ఖాళీ. వెనక ఎప్పుడో పెట్టుకున్న బొమ్మ, లాకుల దగ్గర కాలవ, అది ఉందనే మర్చిపోయాను. కింద పట్టీలో ఏడెనిమిది గుర్తులు వరసగా, దస్త్రాల్లా. కాసేపు ఏదీ తియ్యలేదు. తర్వాత అక్క ఉత్తరం ఒక్కటీ పైకి తీశాను. విండోస్ మీటతో ఎడమ బాణం నొక్కితే అది వెళ్ళి ఎడమ సగంలో అతుక్కుంది. కుడి సగంలో ఏది పెట్టమంటావని మిగతా వాటినన్నిటినీ చిన్న చిన్న బొమ్మలుగా పేర్చి చూపించింది, మూలం, తెలుగు, నిఘంటువు, వాట్సాప్. ఏదీ నొక్కలేదు. ఎస్కేప్ కొడితే అవి పోయి కాలవ మిగిలింది. ఎడమ పక్క ఆవిడ గీసిన దీర్ఘచతురస్రం, నిలువు గీత, నుయ్యి. జవాబు గడి తెరిచి "అక్కా" అని రాశాను. గీత కాస్త తూర్పుకి జరిపితే నుయ్యి ఎవరి పక్కా కాకుండా సరిగ్గా మధ్యకి వస్తుందేమోనని, తెర మీద అడుగుబద్ద పెట్టి కొలవడం మొదలెట్టాను. కాఫీ ఇంకా వేడిగానే ఉంది.